నంది కడుపు మింద గీత

(నంద్యాల. యూనివర్సిటీ పీజీ సెంటర్ గోడను ఆనుకున్న బొమ్మల బడి వరండా. శుక్రవారం, పదకొండు కావస్తోంది. భానుప్రియ ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్డు నడిపే తండ్రి శేషయ్యకు ఫోన్ చేస్తోంది.)

“నాయనా! ఎత్తుతివా! ఎన్నిసార్లు చేసినా ఫోను. నందిని లేపొద్దు. ఇంటాండావా? క్రేను ఆపు.”

“ఎవురు, భానూనా?”

“నేను కాక ఇంకెవురు? పేరు కనపడల్యా?”

“చూడలే. చెప్పు పాపా.”

“ఆదివారం నంది కడుపు మింద ఎర్రగీత గీసినా కదా. బరువంతా ఈడ నిలబడతాది, బెల్టులు దీనికి అటొకటి ఇటొకటి సమానంగా కట్టండి అని చెప్పినా కదా. ఆ గీత తప్పు.”

“తప్పంటే?”

“తప్పంటే తప్పే! ఆ గీతను నమ్మి కడితే తోక పక్క కిందికి పోతాది. రాయి బెల్టులో నుంచి జారతాది. మూడు టన్నుల రాయి నాయనా. దేవదానం మామ యాడుండాడు?”

“వుండాడు.”

“వెనకపక్కనా? గడ్డపార పట్టుకోని ఎప్పుడూ వెనకపక్కే కదా నిలబడేది. ముందు ఆయప్పను ఇవతలికి రమ్మను.”

“నువ్వు కూచోనుండావా, నిలబడుండావా?”

“ఏంది?”

“కూచో అంటాండా.”

“కూచున్యా. కూచున్యాలే. నువ్వు మామను పిలువు. రాహుకాలం పోయినాంక, పన్నెండుకు లేపుతామన్యావు. ఇంకా గంటుండాది. బెల్టులు కట్టినారా, లేదా? అదొకటి చెప్పు.”

“కట్టినాం.”

“గీత మిందనేనా?”

“గీత మిందనే.”

“విప్పండి నాయనా. నీ కాళ్లు పట్టుకుంటా.”

“తప్పని నీకెట్ల తెలిసింది?”

“లెక్క మళ్లా చేసినా.”

“యాడ?”

“యాడేంది, క్లాసులో.”

“నీకు నువ్వే చేసినావా, సారు చూసి చెప్పినాడా?”

“సారే… మత్తయి సారు.”

“మీ లెక్కల సార్లలో మత్తయి అనేటాయన ల్యాడే. అందరి పేర్లూ నాకు నువ్వే చెప్తివి.”

“కొత్తగా వచ్చినాడు.”

“ఫోను ఆయనకియ్యి.”

“ఆయన… ఇప్పుడే బయటికి పాయ.”

“భానూ.”

“ఏంది?”

“ఆ గీత గీసింది నువ్వని ఆ సారుకు తెలుసునా?”

“అదెందుకు ఇప్పుడు? ఆడ మనిషి రాయి వెనక నిలబడుంటే!”

“తెలుసునా, తెల్దా?”

“తెల్దు. ఎవురికీ చెప్పలే. ఆదివారం షెడ్డు కాడ వున్యింది మనం ముగ్గురమే కదా. నువ్వు, నేను, చర్చి నుంచి తిన్నగా వచ్చిన మామ.”

“ఊఁ. మనం ముగ్గురమే.”

“నాయనా, నువ్వు నన్ను నమ్మడంల్యా. సరే, చెప్పేస్తా. అంతా ఇన్నాంక తిట్టుకో. నేను క్లాసులో ల్యా. మా సెంటర్ గోడకవతల బొమ్మల బడుండాది. నాలుగు నెలలాయ, మంగళవారం, శుక్రవారం ఈడికొస్తాండా. మత్తయి సారు బొమ్మల సారు. నువ్వు రాయి పట్టనని నాతో ఒట్టేయించుకున్యావు. రాయి పట్టలే నాయనా. మట్టే.”

“మట్టా.”

“బంకమట్టి. మన నందినే జానెడంత చేసినా. ఈ పొద్దు ఆరినాంక, రాతినంది మింద గీత యాడ గీసినానో సరిగ్గా ఆడనే దారం కట్టి లేపితే, తోక కిందికి పాయ. మళ్లా కడితే మళ్లా పాయ. అప్పుడు తెలిసొచ్చ. నేను గళ్ల కాగితం మింద పక్క నుంచి కనపడే నందిని గీసి, గళ్లు లెక్కబెట్టినా. కాగితానికి మందం యాడిది? తల సన్నం, మెడ సన్నం, వెనక తొడలు లావు. ఆ లావు నా లెక్కలోకి రానే రాలే. ఎమ్మెస్సీ చదువుతాండా, నందిని రొట్టె మాదిరి పల్చగా అనుకున్యా.”

“ఊఁ. చెప్పు.”

“నువ్వు కంటితో చూసే అంటివి, ఇంకో జానెడు వెనక్కుండాల పాపా అని. కన్ను కాదు నాయనా, లెక్క కావాల అంటి నేను. మామ ముందర.”

“అంటివి. నాకు బాగుండె ఆ మాట.”

“తిట్టవేంది?”

“మట్టి నంది బాగొచ్చిందా?”

“ఏం అడుగుతాండావు నాయనా! మతి వుండే అడుగుతాండావా? మామకు ఫోను ఇయ్యి, నేను చెప్తా.”

“ఆయప్ప మాట్లాడల్యాడు.”

“నా మింద కోపమా? బీడీ తాగొద్దని గలాటా చేస్తినని ఆ పొద్దంతా మూతి ముడుచుకున్యాడు. కోపమున్యా పర్వాలే, చెవి కాడ పెట్టు.”

“కోపం కాదు.”

“ఎవురు ఏడ్చేది? నాయనా, ఎవురో ఏడుస్తాండారు.”

“ఆడోళ్లు.”

“షెడ్డు కాడ ఆడోళ్లేంది?”

“కృపమ్మ.”

“కృపమ్మత్తా? ఆమె షెడ్డు గడప తొక్కదే ఎప్పుడూ. దుమ్ముకు దగ్గొస్తాదని మామ సద్ది గూడా గేటు కాడే ఇచ్చి పోతాది కదా.”

“అవును.”

“నాయనా.”

“ఆఁ.”

“అది షెడ్డు సప్పుడు కాదు. ఉలి సప్పుడు ల్యా, మిషను సప్పుడు ల్యా. ఎవురో పేర్లు పిలుస్తాండారు, వార్డులో మాదిరి. నువ్వు యాడుండావు?”

“కూచోనే వుండావు కదా?”

“యాడుండావు నాయనా!”

“నంద్యాలలోనే, ఆసుపత్రి కాడ. క్రేను తొందరగా వచ్చ, రాహుకాలం రాకముందే లేపుదామంటి, తొమ్మిదికే లేపితిమి. దేవదానాన్ని లోపలికి తీస్కపోయి అరగంటాయ, బతుకుతాడని ఒక్కరూ చెప్పల్యా. గీత నేను గీసినానని ఎస్సైకి చెప్పినా, కృపమ్మకు చెప్పినా. నువ్వు ఈ పక్కకు రావద్దు, పోయి లెక్కల క్లాసులో కూచో.”