బ్రహ్మయ్య చెక్కిన ముక్కు

పశువుల ఆస్పత్రి ఇంకా తలుపులు తీయలేదు. ఎదురుగా సయీదా టీ బంకు దగ్గర బల్ల మీద బొల్లాపల్లి నుంచి వచ్చిన వెంకటేష్ కూర్చున్నాడు. ఒళ్లో సంచి, సంచిలోంచి తల బయటపెట్టిన పెట్ట. దాని పై ముక్కు కొస పగిలి పక్కకి వేలాడుతోంది. అది పక్కనే టీ తాగుతున్న బ్రహ్మయ్య కంట్లో పడింది. ఇంకేముంది, టీ గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టి లేచాడాయన.

"ఏందయ్యా, ఇంత మాత్రానికి ఆస్పత్రికా? సూదేస్తారు, చీటీ రాస్తారు, పొమ్మంటారు. కోడి కోసం రాజ్యాలు పోగొట్టుకున్న గడ్డ మీద పుట్టి, ముక్కు తీయించటానికి చీటీ రాయించుకుంటారా? థూ! ఇట్టాంటివి చూస్తే నాకు తిక్క రేగుద్ది. మొన్ననే మన సయీదా కోడికి తీశా. బంకు రేకు తలుపు పడి ముక్కు చీలింది పాపం. మా ఇంటికి తెప్పించి, తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకుని, గోళ్లు తీసే కట్టర్‌తో టిక్కు, టిక్కు. అంతే! రక్తం చుక్క పడితే ఒట్టు."

టీ తిప్పుతున్న సయీదా చేతిలో గరిటె ఆగిపోయింది. చుక్క పడలేదా? ఆ రోజు తన కొంగంతా రక్తమే, పసుపు అద్ది అద్ది ఆపుకుంది. చీలిన కొస వరకు తీసి, ఆకురాయితో రుద్దితే సరిపోయేది. పెరట్లో పందెం పుంజుల్ని పెంచే మనిషాయె, దీనికీ పుంజుకి చెక్కినట్టు మొన తేల్చాలన్నాడు. "ఇది పిల్లల తల్లి బాబాయ్, దీనికి మొనెందుకు?" అని ఆమె మొత్తుకుంటున్నా వినకుండా, మొన కుదరలేదని చెక్కి, మళ్లీ కుదరలేదని చెక్కి, పై ముక్కుని సగానికి తెచ్చాడు. అప్పట్నుంచి దానికి గింజ అందదు. ముద్ద కలిపి నోట్లో పెట్టాల్సిందే. ఆ మాట మొహం మీద అనేయాలని నోటిదాకా వస్తుంది, మింగుతుంది. బంకు ఉన్న జాగా ఆయనది. లేచిపొమ్మంటే పిల్లల్ని తీసుకుని యాడికి పోవాలి?

"నిజమేనామ్మా?" అన్నాడు వెంకటేష్.

"నేను చెప్తుంటే దాన్నడుగుతావేంది!" బ్రహ్మయ్య గయ్యిమన్నాడు. "ముందు విను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెల్లారి స్టీలు పళ్లెంలో నూకలు పోశాం. టకటకటక పొడిచింది. నూకలు అయిపోయినయ్, పళ్లెం జల్లెడైపోయింది!"

"ఆ పళ్లెం ఏదీ బాబాయ్?" అన్నాడు ఆటో నడిపే జయరాజు, టీ ఊదుకుంటూ.

"మా ఆవిడ దాంతోనే పిండి జల్లిస్తోంది, పోయి చూసుకో! నమ్మకం లేనోడివి చెవులు మూసుకుని టీ తాగు. అసలు పళ్లెం ఏపాటిదెహె! పెరట్లో నాపరాయి బండ మీద పురుగు పాకింది. ఒక్క పోటు పొడిచింది చూడూ, బండ గీత గీసి కోసినట్టు రెండు ముక్కలు! దాచేపల్లి నుంచి పాలిషింగ్ ఫ్యాక్టరీ ఓనరు కారేసుకొచ్చి కాళ్లావేళ్లా పడ్డాడు, మిషన్లు అమ్మేస్తా, కోడిని ఇప్పించండయ్యా అని. మెడబట్టి గెంటా. ఆడకూతురి కోడిని చాకిరీకి పంపుతానా?"

బల్ల మీదోళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వుకి బ్రహ్మయ్య మొహం కందగడ్డయింది.

"నవ్వండి, నవ్వండి! బొల్లాపల్లిలో బోరేస్తుంటే రాయి తగిలి రిగ్గు ఆగిపోయింది. అందరూ తలకాయలు పట్టుకు కూర్చున్నారు. నేను పోయి, కోడికి మోకు కట్టి లోపలికి దించి, పైనుంచి ఒక గింజ వేశా. గింజ రాయి మీద పడింది, కోడి పొడిచింది, నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచినయ్. కోడి ఆ నీళ్ల మీద కూర్చునే పైకొచ్చింది!"

"మాది బొల్లాపల్లేనండీ. ఆ బోరు ఏ వైపు?"

"ఊళ్లో సంగతులు నీకు తెలిస్తే నీ కోడి ముక్కు ఎందుకు పగులుద్దయ్యా!"

"ఇవన్నీ ఈ వారంలోనేనా బాబాయ్?" అన్నాడు జయరాజు.

"చురుకైన కోడిరా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? విజయపురి సౌత్ నుంచి ఇరిగేషనోళ్లు జీపులో దిగారు. సాగర్‌లో నీళ్లు మొత్తం మీ బోరుకే వస్తున్నయ్, దండం పెడతాం, ఆ కోడిని డ్యాం వైపు మాత్రం తోలకండి, ఒక్క పోటు పొడిచిందంటే బందరు దాకా మునుగుద్దన్నారు. పాపమని ఒప్పుకున్నా. చాలా, ఇంకా చెప్పాలా? ఇటు తే నీ కోడిని. కట్టర్ జేబులోనే ఉంది."

వెంకటేష్ ఒకసారి ఆస్పత్రి తాళం వైపు చూశాడు. ఎంతసేపని కూర్చుంటాడు! నిట్టూర్చి సంచి మూతి విప్పాడు. బ్రహ్మయ్య పెట్ట మెడ దొరకబుచ్చుకున్నాడు.

సయీదా స్టవ్ ఆపేసింది. జాగా పోతే పోయింది, ఇంకో నోరులేని దాన్ని ఈ చేతికి అప్పగించి చూస్తూ ఊరుకోవటం తనవల్ల కాదు.

"ఆగన్నా!" అంటూ బంకు వెనక్కి పోయి, గంప ఎత్తి, తన పెట్టని చంకనేసుకొచ్చింది. పిల్లలు వెనకే పరిగెత్తుకొచ్చాయి. పెట్టని బ్రహ్మయ్య కాళ్ల ముందు వదిలి గుప్పెడు జొన్నలు చల్లింది.

"పళ్లేలొద్దు, బండలొద్దు, డ్యాములొద్దు. ఒక్క గింజ తిననీ బాబాయ్. ఒక్కటి."

పెట్ట ఆకలి మీదుంది. వంగి పొడిచింది. గింజ జారిపోయింది. మళ్లీ పొడిచింది. పక్కకి తిరిగి, మెడ వంచి, నేలకి ముక్కు రాసి చూసింది. అది జారవిడిచిన గింజల్ని పిల్లలు ఏరుకు తింటున్నాయి. బల్ల మీద ఎవడికీ నవ్వు రాలేదు.

"ఆకలి లేదేమోనే..." అన్నాడు బ్రహ్మయ్య.

"సిగ్గు లేదా బాబాయ్ ఆ మాటనటానికి! కళ్లెదురుగా పొడుస్తానే ఉందిగా! జాగా మీదే, ఖాళీ చేయమంటే రేపే చేస్తా. ముందు ఆ కోడిని ఆయనకిచ్చేయండి."

బ్రహ్మయ్య వేళ్లు వదులయ్యాయి. వెంకటేష్ తన పెట్టని లాక్కుని సంచిలో కుక్కి మూతి కట్టేశాడు.

సయీదా లోపల్నుంచి నూకల ముద్ద తెచ్చి బ్రహ్మయ్య అరచేతిలో పెట్టింది.

"పొద్దున్నుంచి దానికి ఏమీ పెట్టలేదు. నోరు తెరిచి కొంచెం కొంచెం పెట్టండి. బండలు పగలగొట్టిన కోడి, జాగ్రత్త, వేలు పోద్ది."

బ్రహ్మయ్య పంచె ఎగ్గట్టి, ముద్ద పట్టుకుని పెట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు.