గుర్రప్పన్న అడిగిన దినాలు

ఏమ్మా నేత్రా, మొగం అట్ల పెట్టుకున్నావు? ట్రయల్ దినాలు కొట్టేసి ప్లాను పంపమన్నాడా మీ మేనేజరు? మిలిటరీవాళ్ళు బేగి కావాలన్నారనా? ఇట్లాంటి పని చేసే నేను గుర్రప్పన్న నోట్లో మన్ను కొట్టినాను. ఎవురంటావా? మా ఫ్యాక్టరీలో పెద్ద మేస్త్రి. అట్లాంటి పనోడు అప్పుడు హోసూరులోనే లేడు. మత్తూరు నుంచి వచ్చినాడు, పెండ్లీ గిండ్లీ లేదు, తెచ్చుకున్న సంగటిలో సగం నాకే పెట్టేవాడు. ఆ, యాడికో పోయినాను. మిలిటరీకి కొత్త ఫిరంగి ఒకటి చేస్తా ఉండారు, దాని వెనక బిగించే ఉక్కు దిమ్మ చేసే పని మాకిచ్చినారు. గుర్రప్పన్న ఏమన్నాడు తెలుసా? 'ఆరు నెలలు రాసుకో ఆదెప్పా. మూడు దిమ్మలన్నా ఫర్నేసులో పగులుతాయి. పగిలినాకనే కదా వేడి ఎంత పెట్టాలో తెలిసేది. దానికీ దినాలు కావల్ల, ఉక్కు కావల్ల.' ఓనరు ఎగిరినాడు. 'పగిలేది కాగితంలో రాస్తే ఆర్డరు ఎవుడిస్తాడయ్యా!' ప్లానింగులో ఉండేది నేను. ఆ మూడు దిమ్మలూ, మూడు నెలలూ ప్లానులోంచి గమ్మున కొట్టేసినాను. గుర్రప్పన్న చదవకుండానే సంతకం పెట్టినాడు. నామీద అంత నమ్మకం.

మూడూ పగిలినాయమ్మా. గడువు పోయె, ఖర్చు రెండింతలాయె. ఆఫీసర్లు జీపు దిగినారు. 'ఎవురిదయ్యా ఈ ప్లాను?' అని అరిచినాడు ఓనరు, ఏమీ తెలీనోడి మాదిరి. 'సంతకం నాది సార్' అన్నాడు గుర్రప్పన్న. ఆ దినమే పనిలోంచి తీసేసినారు. నేను నోరు తెరవలేదు. సిగ్గుతో చచ్చిపోయినాను గానీ, తెరవలేదు.

నాలుగో దిమ్మ పగలకుండా నిలిచినాక బాగలూరికి పోయినాను. ఆడ తన చెల్లెలు కదిరమ్మ రోజాతోటలో పని చేసుకుంటా ఉండాడు గుర్రప్పన్న. కాళ్ళు పట్టుకుందామనే పోయినాను. నన్ను చూస్తానే, 'దిమ్మ నిలిచిందా?' అన్నాడు. నిలిచిందన్నా అంటే ఎంత సంతోషమో ఆయప్పకి! ఏడ్చుకుంటా చెప్పేసినాను, 'ఆ దినాలు కొట్టేసింది నేనేనన్నా' అని. 'తెలుసులేప్పా. ఓనరు అరిచినపుడు నీ మొగం చూసినాను కదా. నేను ఒంటోణ్ణి. అప్పుడు నీ ఇంట్లో చెన్నమ్మ బాలింత, పది దినాల బిడ్డ. నిన్ను తీసేసి ఉంటే ఆ బిడ్డ గతేమి?' అన్నాడు. ఆయప్ప పోయి పన్నెండేండ్లాయె.

ఆ బిడ్డ మీ అమ్మేనమ్మా.

... ఆ కిటికీ మూసెయ్యి, దోమలొస్తా ఉండాయి.