47583629: గంగాధరం గారు తేల్చిన లెక్క

అరబ్బు దేశంలోని మా దుక్మ్ సైట్‌లో బాయిలర్‌కు బిగించడానికి వచ్చిన సేఫ్టీ వాల్వ్ అసలుది కాదని గత ఫిబ్రవరిలో ఒక ఉదయం గొడవ లేచింది. దాని రేకు మీద చెక్కిన నంబరు 47583629. రూవిలోని మా కొనుగోళ్ల ఆఫీసు ముందుగా పంపిన నంబరు 74856392. లారీలోంచి దించుకున్నది స్టోర్‌మన్ లచ్చన్న కనుక, వాల్వ్ మార్చేశాడన్న నింద అతని మీద పడింది. వీసా రద్దు చేసి ఊరికి పంపేయమన్నారు ప్రాజెక్ట్ మేనేజర్.

1996 జూన్ మూడవ తేదీన రూవి గోడౌన్‌లో గుమాస్తాగా చేరి, సొహార్‌లో స్టోర్స్ అధికారిగా ఎదిగి, ఇసుక తప్ప మరేమీ లేని రోజుల్లోనే దుక్మ్‌కు వచ్చి, నేడు స్టోర్స్ మేనేజర్‌గా పదవీ విరమణ చేస్తున్న శ్రీ గంగాధరం గారి పేరు చెబితే, మా అందరికీ ముందు గుర్తొచ్చేది ఆ ఉదయమే.

"సార్, నేను పెట్టె మూత సుత ఇప్పలే. నన్ను దొంగను జేస్తున్రు," అన్నాడు లచ్చన్న.

రూవి నుంచి వచ్చిన కొనుగోళ్ల అధికారి షఫీ గారు నవ్వారు. "వచ్చే నెల రిటైరై ఇంటికి పొయ్యే మనిషి. మీకెందుకు సార్ ఈ తలనొప్పి?"

"వెళ్లేది వచ్చే నెల కదండీ. ఇవాళ డ్యూటీలోనే ఉన్నాను," అని గంగాధరం గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

అంకెలన్నీ కూడితే రెండు నంబర్లకూ నలభై నాలుగే వచ్చింది. పెద్దదానిలోంచి చిన్నది తీసేశారు: 27272763. జంటలుగా విడదీస్తే ఇరవై ఏడు, ఇరవై ఏడు, ఇరవై ఏడు, అరవై మూడు. అన్నీ తొమ్మిదో ఎక్కంలోవే. ఏ రెండంకెల సంఖ్యను తిరగేసినా, తేడా ఆ ఎక్కంలోనే పడుతుంది.

"ఇది వేరే వాల్వ్ కాదండీ. జంట జంటా తిరగబడింది. ఎలా తిరగబడిందో చూద్దాం."

సొహార్‌లో వాల్వ్‌ను లారీకెక్కించి, షఫీ గారికి ఫోన్‌లో నంబరు చదివింది అక్కడి గుమాస్తా ఫహద్. గంగాధరం గారు అతనికి రేకు ఫొటో పంపి, అందరూ వినేలా మళ్లీ అలాగే చదవమన్నారు.

"సబ్‌అ వ అర్బయీన్..." అని మొదలుపెట్టాడు ఫహద్. అంటే ఏడూ నలభై. అరబీలో ఒకట్ల అంకెనే ముందు పలుకుతారు. విన్న వరుసలో రాసుకుంటూ పోతే నలభై ఏడు కాస్తా డెబ్బై నాలుగవుతుంది. ప్రాజెక్ట్ మేనేజర్ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు.

లెక్క తేలేదాకా కుర్చీ విడవని ఆ పట్టుదలే విశ్రాంత జీవితంలోనూ ఆయన వెంట ఉండాలని, శ్రీమతి రమణి గారితో కలిసి నిండు ఆరోగ్యంతో నూరేళ్లు హాయిగా గడపాలని మనసారా కోరుకుంటున్నాం. ఆ రోజు లచ్చన్న ఎదుట నిలబడి తాను అన్న మాటలను మా పత్రిక ఈ సంచికలో అచ్చు వేయమని షఫీ గారే పట్టుబట్టారు:

"తప్పు నాది లచ్చన్నా. ఏడు ముందు వినబడింది, ఏడే ముందు రాసినా. పొద్దున రేకు చూస్తానే నాకు అనుమానమొచ్చింది. మేనేజర్ ముందర చులకనైపోతానని నోరు మూసుకున్నా. నీ వీసా పోతాదని తెలిసి కూడా మూసుకున్నా."