ఎవరినీ నమ్మని హిస్కె వీర్స్మా గారి చేతుల్లో మా ఊళ్ళ పసిపిల్లలు

1984 సెప్టెంబరు 3వ తేదీ, సోమవారం ఉదయం, శ్రీమతి హిస్కె వీర్స్మా గారు మా ప్రసూతి గృహసేవా కార్యాలయంలో ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఆనాటికి ఆవిడ ఇరవై ఆరేళ్ళ యువతి. నిటారైన వెన్ను, సైకిలు మీద ఎదురుగాలికి కందిన చెంపలు, ఎదుటివారు మాట్లాడుతుండగానే వారి వెనుక ఏముందో చూసే కళ్ళు. అప్పటికే అక్కడ కొన్నేళ్ళుగా పనిచేస్తున్న నేను, పెద్దదాన్ని కదా అని మర్యాదకు కాఫీ పోసి చేతికిచ్చాను. ఆవిడ కప్పు అందుకుని వాసన చూశారు.

"ఇది ఎప్పుడు కాచింది?"

"పొద్దున్నే."

"ఏ పొద్దున్న?"

ఆ ప్రశ్నతో ఆరంభమైన మా పరిచయం, అనేక అలకలను, అంతకు మించిన నవ్వులను దాటుకుని నేటికీ నిలిచి ఉంది. అందుకే ఆవిడ పదవీ విరమణ సంచికకు ఈ అభినందన రాసే భాగ్యం నాకు దక్కిందని భావిస్తున్నాను.

బిడ్డ పుట్టిన ఇంటికి మొదటి వారం రోజులూ వెళ్ళి, తల్లికి విశ్రాంతిని, బిడ్డకు పాలను, ఇంటికి ఒక క్రమాన్ని సమకూర్చడం మా వృత్తిధర్మం. చూడవచ్చిన చుట్టాలకు వెన్న రాసిన గుండ్రటి రస్కుల మీద చక్కెర పూత సోంపు చల్లి ఇవ్వడం, వాళ్ళు మరీ ఎక్కువసేపు కూర్చుంటే కోటు తెచ్చి చేతికివ్వడం కూడా అందులో భాగమే. ఈ కోటు అందించే విద్యలో హిస్కె గారిని మించినవారు మా కార్యాలయంలో లేరు. తొట్టెలో బిడ్డ పక్కన పెట్టే లోహపు వేడినీళ్ళ సీసాను ఆవిడ ఏనాడూ తిన్నగా తొట్టెలో పెట్టలేదు. ముందు మూత కిందికి ఉండేలా సింకు పక్కన తలకిందులుగా నిలబెట్టి, దాన్నే చూస్తూ నిలబడేవారు. "కొత్తదండీ, నిన్ననే కొన్నాం" అని ఇంటివాళ్ళు నొచ్చుకునేవారు. "కొత్తవే కారతాయి" అనేవారు ఆవిడ.

ఆ రోజుల్లో గడియారం చూసి పాలు పట్టమని పైవాళ్ళు చెప్పేవారు. వేళ కాకముందు బిడ్డ ఏడిస్తే ఏడవనివ్వాలి. హిస్కె గారు గడియారాన్ని అనుమానించారు. ఆ తరువాత, పాలకు ముందూ వెనుకా బిడ్డను తూచే పద్ధతి వస్తే త్రాసును అనుమానించారు. పాలు పిండే విద్యుత్ యంత్రాలు అద్దెకు దొరకడం మొదలైనప్పుడు, మొదటి యంత్రపు గరాటును తన అరచేతికి ఆనించి, బిగుతు చూసి, "దీన్ని తయారుచేసింది మగవాడే అయ్యుంటాడు" అని తేల్చారు. ఇలా ఒక్కొక్కదాన్నీ శంకించి, పరీక్షించి, పనికొచ్చినదాన్ని ఉంచుకుని, పనికిరానిదాన్ని పక్కనబెట్టడమే ఆవిడ పనిపద్ధతి అయింది. ఆ పద్ధతి విలువ నాకు పూర్తిగా తెలిసివచ్చిన సందర్భం ఒకటుంది. ఆ ఇంటివారి అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను.

1998 వసంతం. శీతాకాలమంతా కొట్టంలో ఉన్న ఆవులను పచ్చికలోకి వదిలే వారం. బోల్స్‌వార్డ్ పట్టణానికి ఆవల, దుర్క్ గారనే పాడిరైతు కోడలు యిల్దౌకు తొలికాన్పులో ఆడపిల్ల పుట్టింది. పేరు నీన్కె. కాస్త ముందుగా పుట్టిన పిల్ల. చీకుతూ చీకుతూ అలసి నిద్రపోయేది. అందుచేత మంత్రసాని గారు ప్రతి విడతకూ మూడు పనులు చెప్పారు. మొదట తల్లి రొమ్ము ఇవ్వాలి. ఆ తరువాత, తల్లి ముందుగా పిండి ఉంచిన పాలనే తండ్రి సీబ్రెన్ సీసాతో పట్టాలి. అతను పడుతుండగా తల్లి యంత్రం పెట్టుకుని తరువాతి విడతకు పాలు పిండి ఫ్రిజ్‌లో ఉంచాలి. ఆ ఇంటికి ఉదయం హిస్కె గారు, మధ్యాహ్నం నుంచి నేను వెళ్ళేవాళ్ళం.

పాడి ఇల్లు కదా, యంత్రం వచ్చిన రోజే తాతగారి హోదాలో దుర్క్ గారు పిండిన పాలసీసాను కిటికీ వెలుగులోకి ఎత్తి చూశారు.

"ఇంతేనా? ఇంతదానికి కరెంటు కూడానా?"

"పాకె, మీ మనవరాలు నోటితో ఎంత తీస్తుందో ఆ సీసాకి తెలీదు," అన్నారు హిస్కె గారు. తాతను మా వైపు పాకె అనీ, నాయనమ్మను బెప్పె అనీ పిలుస్తాం.

"నా కొట్టంలో ఏ ఆవు ఎంత ఇస్తుందో నాకు కనిపిస్తుందిగా?"

"మీ కొట్టంలో ఆవులకి మామగార్లు లేరు."

దుర్క్ గారు సీసా దించేశారు. కానీ మంచం మీద యిల్దౌ తల కూడా దిగిపోయింది.

వారం సగానికి వచ్చేసరికి నీన్కె తల్లి రొమ్ము పట్టడం మానేసింది. నోట పెట్టుకుని ఒకటి రెండుసార్లు చీకి, విల్లులా వెనక్కి విరుచుకుని, పిడికిళ్ళతో తోస్తూ కేకలు పెట్టేది. అదే బిడ్డ తండ్రి చేతిలో సీసాను గటగటా తాగేసేది. బరువు పెరుగుతోంది కనుక ప్రాణభయం ఏమీ లేదు. బెప్పె బౌక్యె గారు, "పొడిపాలు తెచ్చేస్తే అందరికీ నిద్రపడుతుంది" అన్నారు. మంత్రసాని గారు కూడా, "శనివారం వస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే యంత్రం తిరిగి ఇచ్చేసి సీసాతోనే స్థిరపడదాం, అందులో తప్పేమీ లేదమ్మా" అని దయగానే చెప్పి వెళ్ళారు. సీసాతో పెరిగిన పిల్లలు ఎందరో చక్కగా పెరిగారు, మేమే పెంచాం. కానీ ఆ సాయంత్రం యిల్దౌ నాతో అన్న మాట వేరు.

"త్రైన్ గారూ, దానికి నేనంటే ఇష్టం లేదు. వాళ్ళ నాన్న దగ్గర తాగుతుంది, నన్ను తోసేస్తుంది. శనివారం దాకా చూస్తా. తర్వాత ఇంక అడగను."

మర్నాడు ఆ మాట హిస్కె గారికి చెప్పాను.

"నేను నమ్మను," అన్నారావిడ. "ఈ ఇంట్లో ఎవరో ఏదో చేస్తున్నారు."

ఇక విచారణ మొదలైంది. ఫ్రిజ్ పై అరలో దూడల మందులున్నాయి కదా, ఆ వాసన పాలకు పట్టిందేమోనని హిస్కె గారు పాలను చెంచాతో రుచి చూశారు. బాగానే ఉన్నాయి. యిల్దౌకు వాళ్ళ చెల్లెలు కానుకిచ్చిన పరిమళాల సబ్బును తీసుకెళ్ళి గడ్డి కొట్టంలో పెట్టారు. బిడ్డ కేకలు తగ్గలేదు. అప్పుడు బెప్పె వైపు తిరిగారు.

"బెప్పె, మధ్యలో మీరేమైనా సీసా పడుతున్నారా? కడుపు నిండిన పిల్ల తల్లి దగ్గర ఇలాగే చేస్తుంది."

"నా వంటింట్లో నన్నే దొంగని చేస్తున్నావా? ఐదుగుర్ని పెంచినదాన్ని నేను!"

"ఐదుగుర్ని పెంచినవాళ్ళకే చెయ్యి ఊరుకోదు."

ఆ పూట కాఫీ వచ్చింది గానీ బిస్కెట్ల డబ్బా మూత తెరుచుకోలేదు. మా ప్రాంతంలో ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. తరువాతి వంతు నాది. పని అప్పగించే వేళ నన్ను నడవలోకి లాగి తలుపు మూశారు.

"త్రైన్, నిజం చెప్పు. తల్లి కాసేపు పడుకోవాలని నువ్వే ముందుగా సీసా పట్టేస్తున్నావు కదూ?"

"హిస్కె! ఇన్నేళ్ళ స్నేహంలో నన్నా?"

"నేను స్నేహం సంగతి అడగలేదు. సీసా సంగతి అడిగా."

నా కోపం ఇంతా అంతా కాదు. మర్నాటి నుంచి ఆవిడతో నేరుగా మాట్లాడలేదు. "నీన్కె, నీ పక్కగుడ్డ ఇప్పుడే మార్చానని ఆవిడకి చెప్పు" అని బిడ్డ ద్వారా కబురు చేసేదాన్ని. ఆవిడ కూడా, "నీన్కె, ఎప్పుడు మార్చిందో అడుగు" అనేవారు.

శుక్రవారం వచ్చింది. తన వంతు ముగిసినా హిస్కె గారు ఇంటికి వెళ్ళకుండా, బంగాళదుంపల తొక్క తీసే నెపంతో వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చున్నారు. బెప్పె మొహం తిప్పుకుంది, నేనూ తిప్పుకున్నాను. పాకె పత్రిక చదువుతున్నారు. సీబ్రెన్ కొట్టంలోంచి వచ్చి, మోచేతుల దాకా చేతులు కడుక్కుని, సీసా వెచ్చబెట్టి, కూతుర్ని ఒడిలో పడుకోబెట్టుకున్నాడు. బిడ్డ కళ్ళు పెద్దవయ్యాయి. కాలివేళ్ళు విచ్చుకున్నాయి. పెదవుల రెండు కొసల నుంచీ పాలు కారుతుండగా ఊపిరి తీసుకునే సందు లేకుండా గుటకలు వేసింది. సీబ్రెన్ సర్దుకుని కూర్చునేలోపే సీసా ఖాళీ.

"బాగా నేర్చుకుంది కదండీ?" అన్నాడు సంబరంగా.

హిస్కె గారి చేతిలో కత్తి ఆగింది. "రొమ్ము దగ్గర అలిసిపోయే పిల్ల ఇంత తొందరగా ఎలా తాగుతుంది? ఆ సీసా ఇలా ఇవ్వు."

"కడిగి ఇస్తా."

"కడక్కుండానే ఇవ్వు."

ఆవిడ సీసాలో నీళ్ళు పోసి, రబ్బరు పీక బిగించి, సింకు మీద తలకిందులుగా పట్టుకున్నారు. బొట్టు బొట్టుగా పడాల్సిన నీరు కుళాయి తిప్పినట్టు ధారగా పడింది. అందరం పాకె వైపు చూశాం.

"నన్ను చూస్తారేంటి? నేను దూడల పీకలు తప్ప ముట్టుకోను!" అన్నారాయన పత్రిక దించి.

సీబ్రెన్ చెవులు ఎర్రబడ్డాయి. "నేనే. సూది కాల్చి ఆ పీకకి పొడిచా. నీరసంగా పుట్టిన దూడ చీకలేకపోతే అదే చేస్తాం కదా, లేకపోతే దక్కదు. రెండో రోజు ఇది తాగుతూ తాగుతూ నా చేతుల్లోనే కళ్ళు మూసేసింది. లేపినా లేవలేదు. నాకు భయమేసింది."

పాకె గారు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు.

"ధారగా తాగడం మరిగిన పిల్ల ఇది," అన్నారు హిస్కె గారు. "తల్లి దగ్గర పాలు చేపుకొచ్చేదాకా ఆగాలి, తర్వాత కూడా కష్టపడి లాగాలి. అంత ఓపిక దీనికి ఎవరు నేర్పారు?"

గుమ్మంలోంచి యిల్దౌ గొంతు వినిపించింది. ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు. "అంటే... దానికి నా మీద కోపం కాదా?"

"కోపమే అమ్మాయీ. ఆలస్యమవుతోందని కోపం. హోటల్లో మనకీ వస్తుంది."

యిల్దౌ గుమ్మాన్ని పట్టుకుని నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది, భుజం మీది తువ్వాలు తీసి మొగుడి మీదికి విసిరింది. "గాడిదా! నన్ను అడగొచ్చు కదా? వారమంతా ఏడ్చాను!"

"నువ్వు ఏడుస్తున్నావనే అడగలేదు."

"ఇక వీడి చేతికి సీసా ఇవ్వకండి," అంది బెప్పె.

"ఇస్తాం," అన్నారు హిస్కె గారు. "భయంతోనే ఇంత పట్టినవాడు, నేర్పితే ఇంకెంత బాగా పడతాడు?"

అప్పటికప్పుడు సీబ్రెన్ సైకిలెక్కి మందుల దుకాణానికి వెళ్ళి అన్నిటికంటే సన్న రంధ్రమున్న పీకలు తెచ్చాడు. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, సీసాను అడ్డంగా పట్టుకుని, మధ్యమధ్యలో ఆపి, బిడ్డ మళ్ళీ నోరు తెరిచేదాకా ఆగడం ఎలాగో ఆవిడ అతని చెయ్యి పట్టుకుని నేర్పారు. యిల్దౌను మాత్రం, బిడ్డను దగ్గరికి తీసుకునే ముందు యంత్రాన్ని కాసేపు నడిపి, పాలు చేపుకొచ్చాకే రొమ్ము ఇవ్వమన్నారు.

"చేపుకొచ్చాక దూడని వదిలినట్టన్నమాట," అన్నారు పాకె.

"వారంలో మొదటిసారి పనికొచ్చే మాట అన్నారు."

శనివారం మంత్రసాని గారి ఎదుట నీన్కె ఏడ్చింది, గుంజుకుంది, తల తిప్పుకుంది. ఆఖరికి పట్టుకుని వదల్లేదు. యంత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. కొన్నాళ్ళకు యిల్దౌ గ్రంథాలయంలో తన ఉద్యోగానికి తిరిగి వెళ్ళింది. ఉదయం, రాత్రి రొమ్ము. పగలు సంచిలో యంత్రం. సాయంత్రం తండ్రి చేతి సీసా. పిల్ల నడిచేదాకా అలాగే సాగింది.

నాతో హిస్కె గారి రాజీ సైకిళ్ళ దగ్గర జరిగింది.

"త్రైన్, నువ్వు కాదు."

"నాకు ముందే తెలుసు."

"నాకు తెలీదు కదా."

క్షమాపణ అంతే. కానీ వెళ్ళే ముందు బెప్పె మాకు కాఫీ పోసి, ఈసారి బిస్కెట్ల డబ్బా మూత తీసి బల్ల మీద ఉంచి, ఉండబట్టలేక అడిగింది. "అందర్నీ అనుమానించావు. నా కోడలికి పాలు చాలవని మాత్రం ఎందుకు అనుమానించలేదు? మేమంతా అనుమానించాం కదా."

"మీరందరూ ఆ పని చేస్తుంటే మళ్ళీ నేనెందుకు?" అన్నారు హిస్కె గారు, ఒక బిస్కెట్టు తీసుకుంటూ.

అటుపిమ్మట, 2005 తరువాత చిన్న కార్యాలయాలన్నీ ఒక్కటైనప్పుడు, నూతన సేవికలకు శిక్షణ ఇచ్చే బాధ్యతను హిస్కె గారికి అప్పగించారు. "ముందు ఫ్రిజ్ తెరవండి, తర్వాత నోరు తెరవండి" అన్నది ఆవిడ తొలి పాఠం. దుస్తుల లోపల ఇమిడిపోయే యంత్రాలు, పాల లెక్కలు చెప్పే ఫోన్లు వచ్చిన ఈ చివరి సంవత్సరాల్లో కూడా, "కడుపు నిండిందని ఫోనుకెవరు చెప్పారు?" అంటూ బిడ్డ మొహంలోకే చూశారు. ఒకసారి ఒక ఇంటివారు, ఈవిడ ప్రతి సొరుగూ తెరుస్తున్నారని ఫిర్యాదు చేశారు. విచారణలో హిస్కె గారు ఆ మాట నిజమేనని ఒప్పుకుని, మూడో సొరుగు సరిగ్గా మూతపడటం లేదని కూడా తెలియజేశారు. ఆవిడ భర్త మైన్‌దెర్ట్ గారు నాతో, "నేను ఎంత ఆలస్యంగా ఇంటికొచ్చినా నన్ను అనుమానించదు. గ్యాసు పొయ్యిని అనుమానిస్తుంది. కొంచెం చిన్నతనంగా ఉంటుంది" అన్నారు. వారి సహనానికి కూడా ఈ సంచికలో ఒక నమస్కారం చెందాలి.

హిస్కె గారూ, రొమ్ముతోనో, యంత్రంతోనో, సీసాతోనో, మూడూ కలిపో బిడ్డలను పెంచుకున్న తల్లులు ఈ ఊళ్ళన్నిటా ఉన్నారు. తన బిడ్డకు తానంటే ఇష్టం లేదని వారిలో ఎందరు మన ఎదుట కంటతడి పెట్టారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను వారిని ఓదార్చేదాన్ని. మీరు ఆ మాటను నమ్మడానికే నిరాకరించి, వంటింట్లోకి వెళ్ళి కారణం వెతికేవారు. ఏది ఎక్కువ మేలు చేసిందో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

ఇకమీదట ఆ శ్రద్ధను మీ ఒంటి మీద కూడా ఉంచండి. వైద్యులు బాగుందన్నా మరొకసారి అడగండి. మైన్‌దెర్ట్ గారితో పడవలో కాలువల వెంట తిరుగుతూ, మనవలను ఎత్తుకుంటూ, ఏ నొప్పీ ఎరగకుండా దీర్ఘకాలం సుఖంగా వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. విశ్రాంతి వయసు వచ్చింది, ఇక మీతో ఎవరికీ పని లేదు అని ఎవరైనా అంటే, హిస్కె గారూ, నమ్మకండి.

— త్రైన్, మీ పూర్వ సహోద్యోగిని