తలుపు పక్క కుర్చీ

ఆసుపత్రి కౌన్సెలింగ్ గదిలో నేలంతా గాజు పెంకులు. నుదుటి మీద కారుతున్న రక్తాన్ని చున్నీతో అదిమి పట్టి, డాక్టరమ్మ తలుపుకు ఆనుకుని నిలబడింది. మూలకు నక్కిన కుట్టుమిషను కార్మికురాలి చేతిలో పగిలిన నీళ్ల సీసా ఇంకా అలాగే ఉంది.

“దగ్గరికొస్తే ఈసారి గొంతులో దింపుతా మేడమ్.”

“రాను. నేనేం చేశానో చెప్పండమ్మా.”

“గొళ్ళెం పెట్టారు.”

“మధ్యలో ఎవరూ రాకూడదని పెట్టాను.”

“ఎవరూ రారులే అన్నారు. బట్టల గోదాములో మా సూపర్‌వైజరూ గొళ్ళెం పెట్టి అదే మాటన్నాడు.”

“మిమ్మల్ని అడక్కుండా పెట్టాను. తప్పు నాదే.”

“నోరు నొక్కాడు. చెయ్యి కొరికితే నా తల గోడకేసి కొట్టాడు. కత్తెర బల్ల మీదే ఉంది, అందలేదు. రోజూ కలలో అందుతుంది. పొడుస్తూనే ఉంటా, వాడు చావడు.”

“ఇవాళ సీసా అందింది.”

“మీకు తగిలింది. చున్నీ తియ్యండి, చూస్తా. రెండు కుట్లు పడతాయి. కుట్ల సంగతి నాకు తెలుసు.”

“వేయించుకుంటాను. ఇదిగో, తలుపు తీశాను. వెళ్లాలంటే వెళ్లండి. ఉంటానంటే ఈ తలుపు పక్క కుర్చీ మీది. ఆ అవతలి మూల కుర్చీలో నేను కూర్చుంటా.”

“ముందు మీరు వెళ్లి కూర్చోండి.”

“కూర్చున్నాను.”

“వరండాలో జనం ఇటే చూస్తున్నారు.”

“తలుపు వేయమంటారా?”

“మీరు లేవకండి. గొళ్ళెం నేను పెడతా.”