మూడో అంతస్తులో మగ్గం గుంట

మున్సిపల్ ఆఫీసులో, రెండువేల ఇరవై నాటికి కట్టాలని వేసిన ఇళ్ల ప్లాను మీద అభ్యంతరాలు చెప్పుకోవడానికి అదే ఆఖరి రోజు. గోడకంటించిన పటాన్ని వేలు పెట్టి చదివిన ముసలామె గుమాస్తా బల్ల దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించకుండా అడిగింది.

“మా నేతగాళ్ల వీధి తీసేసి మేడలు కడతారంట. మూడో అంతస్తులో మగ్గం గుంట యాడ తవ్వేదప్పా, కిందోళ్ల నెత్తి మీదా?”

“మగ్గాలకు ఊరి బయట షెడ్డు ఉండాది లేవ్వా.”

“మా అక్కోళ్లు ఇట్లే షెడ్డని హిందూపురం పోయిరి. మళ్లా మేం కలిసి పడుగు దారాలు పట్టింది లేదు.”

“సరే, వేలిముద్ర వెయ్యి. నేను రాసుకుంటాలే.”

“కాగితం ఇట్లియ్యి. నాకు రాయడమొస్తాది.”

“ఏమని రాస్తాండావు?”

“ప్లాను గీసినాయన మా గుంటలో కాళ్లు పెట్టి జానెడు చీర నెయ్యాల. అందాక ఈ వీధి కదలదని.”