కాలికి దిగిన మేకు

కార్న్‌వాల్ తీరంలో ఒక పీతల రేవు. పొద్దున పదిన్నర. మంత్రగత్తెల మండలికి పెద్ద అయిన లవ్‌డే వంటగదిలో, ఆమె ఎదుట హెడ్రా. హెడ్రా మండలిలో చేరి ఆరేళ్ళయింది.

"బొమ్మ ఎక్కడుంది?"

"కోటు జేబులో. చూస్తావా అత్తా?"

"బల్ల మీద పెట్టకు. కింద పెట్టు. ఎక్కడిదా మైనం?"

"మా తేనెపెట్టెల్లోదే. లోపల పెట్రోక్ జుట్టు పెట్టాను. చెల్లి దువ్వెనలోంచి తీశాను."

"కెరెన్సాకి తెలుసా?"

"తెలీదు. ఫోన్ చేస్తే తియ్యట్లేదు. ఆస్పత్రిలోనే ఉన్నట్టుంది, వాడి పక్కన."

"చెల్లెలి మొగుడికి చేతబడి చేసి, దాన్ని జేబులో వేసుకుని నా ఇంటికొచ్చావు."

"మొగుడంటావేంటత్తా వాణ్ణి. జూన్‌లో దాని దవడ విరగ్గొట్టాడు. ఆరు వారాలు స్ట్రాతో సూప్ తాగింది. ఆగస్టులో దాని అరచెయ్యి పట్టుకుని పొయ్యి మీద పెట్టి నొక్కాడు. చర్మం పొయ్యికి అంటుకుపోతే, ఆ చేత్తోనే గీకి కడిగి మళ్ళీ వంట చేసింది. నువ్వూ చూశావుగా ఆ చెయ్యి."

"చూశాను. మందు రాసింది నేనే."

"మందు రాశావు. తర్వాత?"

"హెడ్రా."

"కాదు, చెప్పు. తర్వాత ఏం చేశాం?"

"పన్నెండు మందిమి వలయం కట్టి కూర్చున్నాం. దాని ఒంటికి నయం కావాలని అడిగాం. వాడి చేతులకి కట్టు వేశాం."

"నల్ల రిబ్బనుతో. వాడి ఫొటో చుట్టూ. తొమ్మిది ముళ్ళు. ఆ వారంలోనే దాని పక్కటెముకలు రెండు విరిగాయి. నీ రిబ్బను వాడి పిడికిలిని ఆపలేదత్తా."

"పోలీసుల దగ్గరికి వెళ్ళమన్నాను."

"వెళ్ళింది. మర్నాడే అదే వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. చంపి పడవలోంచి తోసేస్తే పీతలు తింటాయి, ఆ పీతలే అమ్ముతానన్నాడట."

"మండలిలో చేరిన రోజు కత్తి మీద చెయ్యి పెట్టి ఏమన్నావు?"

"ఎవరికీ హాని చెయ్యనన్నాను."

"మరి?"

"చూస్తూ కూర్చోడం హాని కాదా? పన్నెండు మందిమి కూర్చుని చూశాం. దవడ చూశాం, చెయ్యి చూశాం. కొవ్వొత్తులు వెలిగించాం, పాటలు పాడాం, కేకు తిని ఇళ్ళకెళ్ళిపోయాం."

"పంపింది మూడింతలై తిరిగొస్తుంది, పిల్లా."

"రానీ. వాడికి ఒక కాలు పోయింది, నాకున్నవి రెండేగా. మూడోది ఎక్కణ్ణుంచి తీస్తుందో చూద్దాం."

"నవ్వకు."

"నవ్వట్లేదత్తా. రాత్రంతా కాళ్ళు తడుముకుంటూనే పడుకున్నాను."

"వాడి సంగతి నీకెవరు చెప్పారు?"

"నిన్న పదకొండింటికి చేపల షెడ్డు నుంచి ఫోనొచ్చింది. పీతల బుట్టలు పైకి లాగుతుంటే తాడు చుట్ట వాడి బూటుకి పడిందట. తాడు చుట్టే యంత్రం, ఆ వించ్, లాగేసింది. కాలు డ్రమ్ము చుట్టూ తిరిగిందట. మోకాలి పైకి తీసేశారు, మనిషి బతికాడు. రేవుకెళ్ళి చూశాను. గొట్టం పెట్టి పడవ కడుగుతున్నారు. ఎంత కడిగినా ఎర్రనీళ్ళే వస్తున్నాయి. నిలబడి చూశాను."

"ఏమనిపించింది?"

"ఏమీ అనిపించలేదు."

"అబద్ధం చెప్పకు."

"ఆనందం అనిపించింది. ఇంకా కాసేపు చూడాలనిపించింది. అది చెప్పడానికే వచ్చాను. ఇంకెవరికి చెప్పను?"

"కాలే ఎందుకు?"

"వాడు కుడికాలితో తంతాడు. చంపాలనుకోలేదత్తా. తన్నకుండా ఉంటే చాలనుకున్నాను. ఒక్క మేకు. మోకాలి పైన."

"ఎప్పుడు కొట్టావు?"

"నిన్న. పిల్లల్ని బడిలో దింపి వచ్చాక."

"ఎన్నింటికి?"

"తొమ్మిదింపావు. తొమ్మిదిన్నర. ఎందుకూ?"

"సరిగ్గా చెప్పు."

"తొమ్మిదిన్నర. వాషింగ్ మెషిన్ ఆగింది, సుత్తి తీశాను. ఏమైందిప్పుడు?"

"వాడి కాలు పోయింది ఎనిమిదింటికి."

"కాదు."

"ఎనిమిదీ పదికి రక్షణ పడవ బయల్దేరింది. ఈ కిటికీలోంచే చూశాను. నీ మేకు దిగేసరికి వాణ్ణి ఆస్పత్రిలో బల్ల మీద పడుకోబెట్టేశారు."

"నన్ను తప్పించడానికి అంటున్నావు. మండలిలోంచి పంపెయ్యకుండా—"

"పంపేస్తాను. మేకు పని చేసిందా లేదా అన్నది నాకక్కర్లేదు. కొట్టావు, అది చాలు."

"మరి ఊరికే జరిగిందా? తాడు ఊరికే పడిందా?"

"తాడు ఊరికే పడింది."

"అంతే కదా."

"అంతే కాదు. తాడు పడితే వించ్ ఆపేస్తారు. మీట కిందికి నొక్కితే ఆగిపోతుంది. ఒక్క వేలు చాలు."

"వాడొక్కడే ఉంటే ఎలా ఆపుతాడు?"

"వాడొక్కడే లేడు. పనివాళ్ళు మానేశాక ఎవర్ని తీసుకెళ్తున్నాడో నీకు తెలీదా?"

"చెల్లినే. అంటే అది... లేదత్తా. అది చీమని కూడా చంపదు."

"మీట మీద చెయ్యి దానిదే."

"ఎవరన్నారు?"

"అదే అంది. పొద్దున్నే ఆరింటికి వచ్చింది, ఆస్పత్రి నుంచి తిన్నగా. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. తాడు బూటుకి పడటం చూసిందట. ఆపు అని అరిచాడట. ముందు తిట్టాడట. తర్వాత బతిమాలాడట. పెళ్ళికి ముందు పిలిచే పేరుతో పిలిచాడట. అన్నీ వింటూ నిలబడింది. ఎముక విరిగిన చప్పుడయ్యాక మీట నొక్కింది."

"తల్లీ."

"నేను మనిషిని కానత్తా అంది. స్టేషన్‌కి వెళ్ళి చెప్పేస్తానంది. కాసేపటికి, స్టేషనెందుకు, ఆ కొండ మీంచి దూకుతానంది. గ్లాసు చేతికిస్తే పడేసింది."

"నువ్వేమన్నావు?"

"టీ తాగుతావా?"

"వద్దు. దానితో ఏమన్నావు?"

"నేను చేశానన్నాను."

"ఏం చేశానన్నావు?"

"చేతబడి. పెట్రోక్ మీద చేసింది నేనే, నీ చెయ్యి కదలకుండా కట్టింది నేనే, నీ తప్పేం లేదు అన్నాను."

"నువ్వు నిజంగా చేశావా?"

"యాభై ఏళ్ళలో ఒక్క ప్రాణి మీద చెయ్యలేదు. చేసినవాళ్ళని గడప దాటించాను, నీకు ముందు ముగ్గుర్ని. దాన్ని బతికించుకోడానికి ఇంకే మాటా దొరకలేదు."

"నమ్మిందా?"

"వెంటనే. నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. నా మంచం మీద రెండు గంటలు పడుకుంది, గురక పెట్టి మరీ."

"అయితే ఇంకేం అత్తా. దాని ప్రాణం తేలికపడింది. అబద్ధమైతేనేం—"

"విను."

"నువ్వు చెప్పకపోతే ఈపాటికి ఆ కొండ కింద—"

"హెడ్రా, ఆగు. లేచింది. మొహం కడుక్కుంది. రెండు గుడ్లు వేసిస్తే తింది, రొట్టె అడిగి పెట్టించుకుంది. కోటు వేసుకుని, గుమ్మంలో నన్ను కావలించుకుని ఒక్కటే అడిగింది."

"ఏమని?"

"రెండో కాలు ఎప్పుడని."